సీలు వేసిన ఇంజను

మోసాన్ని గురించి మాట్లాడేటప్పుడు మన నీతివేత్తలు ఒక మనిషిని ఎదుట నిలబెట్టుకుని మాట్లాడతారు. వాడి గుణం మంచిదా చెడ్డదా, వాడి అంతరాత్మ మేలుకుని ఉందా నిద్రపోతోందా అని చూస్తారు. నియమం సంగతి అడగరు. నియమం ఆకాశం నుంచి ఊడిపడినట్టూ, మనిషి దానికి సరిపోతాడా లేదా అన్నదొక్కటే తేలవలసి ఉన్నట్టూ ఉంటుంది వాళ్ళ ధోరణి. దీనికి విరుగుడుగా మనవాళ్ళలో కొందరు రెండో కొసకు పోతారు. నియమాలన్నీ ఉన్నవాళ్ళు చేసుకున్నవే గనక వాటిని తప్పటంలో పాపమేమీ లేదంటారు. ఈ రెండు వాదాల బలాబలాలు చూడటానికి నేను చాలా చిన్న రంగాన్ని ఎంచుకున్నాను. అది గోకార్టు పందాలలో జరిగే ఇంజన్ల మోసం.

ఇంత అల్ప విషయం మీద వ్యాసమెందుకని పాఠకులు అడగవచ్చు. అల్ప విషయాలతో ఒక సౌకర్యం ఉంది. పల్నాటి కథలో నాయకురాలు కోడిపందెం మోసంతో గెలిచిందని తరతరాలుగా చెప్పుకుంటున్నాం. అక్కడ రాజ్యం పోయింది, వీరులు అడవులు పట్టారు, కారెంపూడిలో నెత్తురు ఏరులై పారింది. అంత గొడవలో పందెం నియమం ఏమిటో, దాన్ని చూడవలసిన వాడెవడో అడిగే తీరిక ఎవరికీ లేదు. కార్టు పందెంలో పోయేది ఒక కప్పు మాత్రమే. అంచేత అక్కడ మోసం నిర్మాణం ఎముకలతో సహా కనిపిస్తుంది.

ఈ ఆట పుట్టుక తమాషా అయినది. 1956లో దక్షిణ కాలిఫోర్నియాలో ఆర్ట్ ఇంగెల్స్ అనే పనివాడు మొదటి కార్టు తయారుచేశాడు. ఆయన కర్టిస్ క్రాఫ్ట్ అనే పందెపు కార్ల కార్ఖానాలో పనిచేసేవాడు. లూ బొరెల్లీ అనే స్నేహితుడు తోడుపడ్డాడు. నాలుగు గొట్టాలు అతికి చట్రం చేసి, పచ్చిక కోసే యంత్రాలకని తయారై అమ్ముడుపోకుండా మిగిలిన ఒక చిన్న ఇంజనును దానికి తగిలించారు. పసడేనాలో రోజ్ బౌల్ క్రీడాస్థలం ముందు కార్లు నిలుపుకునే ఖాళీ జాగాలో దాన్ని పరుగెత్తించారు. అంటే పనివాడి తీరిక వేళలోంచి, పెట్టుబడికి అక్కరలేకుండా పోయిన సరుకులోంచి పుట్టిన ఆట ఇది. ఆ స్థితి మూడేళ్ళు కూడా నిలవలేదు. 1959 నాటికి చెట్లు కోసే రంపాలు చేసే మెకల్లాక్ కంపెనీ కార్టుల కోసమని ప్రత్యేకంగా ఇంజను చేసి అమ్మసాగింది. 1962లో అంతర్జాతీయ మోటారు సమాఖ్య కింద కార్టింగు సంఘం ఏర్పడింది. 1964లో ప్రపంచ పోటీ మొదలయింది. ఇవాళ ఫార్ములా వన్ కార్లు నడిపేవాళ్ళు దాదాపు అందరూ ఏడెనిమిదేళ్ళ వయసులో కార్టుతో మొదలుపెట్టినవాళ్ళే. లూయీ హామిల్టన్‌ను ఆ మెట్లు ఎక్కించటానికి అతని తండ్రి ఒకేసారి రెండు మూడు ఉద్యోగాలు చేయవలసి వచ్చింది. అంచేత పోయేది కప్పు మాత్రమేనని పైన అన్నానే గాని, ఆ కప్పు వెనక ఒక పిల్లవాడి భవిష్యత్తూ ఒక కుటుంబం అప్పూ ఉంటాయి.

ఇహ ఇంజను సంగతి. రెండు స్ట్రోకుల ఇంజనులో కవాటాలుండవు. సిలిండరు గోడలోనే కిటికీలుంటాయి, పిస్టను కిందికీ పైకీ పోతూ వాటిని తెరుస్తుంది, మూస్తుంది. పొగ పోయే కిటికీ పై అంచును మిల్లీమీటరులో కొద్ది వంతు ఆకురాయితో అరగదీస్తే ఆ కిటికీ కాస్త ముందుగా తెరుచుకుంటుంది, ఇంజను ఎక్కువ వేగంలో ఎక్కువ బలం ఇస్తుంది. కార్బురేటరు గొంతు ఒక వెంట్రుకవాసి పెద్దదిచేస్తే గాలి ఎక్కువ పోతుంది. తల అడుగున కాస్త లోహం గీకేస్తే మిశ్రమం ఎక్కువగా నొక్కుకుంటుంది. పెట్రోలులో ఏదో కలపవచ్చు. ఇవన్నీ పైకి కనిపించవు. వీటిని పట్టటానికి తనిఖీదారు దగ్గర ఉండే పనిముట్లు చూస్తే ముచ్చటేస్తుంది. స్పార్కు ప్లగ్గు రంధ్రంలోంచి మెత్తని సీసపు తీగను లోపలికి దూర్చి ఇంజనును చేత్తో తిప్పుతాడు. పిస్టను తీగను నలుపుతుంది, నలిగిన చోట మందం కొలుస్తాడు. బ్యూరెట్టుతో చుక్కచుక్కగా ద్రవం పోసి తలలో ఎంత పడుతుందో చూస్తాడు. గొంతులో పట్టకూడని కడ్డీ పట్టిందంటే ఆ కార్బురేటరు చెల్లదు. కాలేజీ ప్రయోగశాలలో మన విద్యార్థులు చేసే పనులకూ వీటికీ పెద్ద తేడా లేదు.

ఇంతవరకూ అంతా నీతివేత్తకు అనుకూలంగానే ఉంది. ఆకురాయి పట్టినవాడు దొంగ, పట్టనివాడు దొర. కాని కొలతల కాగితం కాస్త శ్రద్ధగా చదివితే కథ మారిపోతుంది. ఏ కొలతా ఒక్క అంకెగా ఉండదు. కార్ఖానాలో పోతపోసిన ఏ రెండు వస్తువులూ అచ్చంగా ఒకటి కావు కనక, ఇంత నుంచి ఇంత దాకా ఉండవచ్చునని ఒక ఎడం ఇస్తారు. ఆ ఎడంలోనే డబ్బుకు చోటు దొరికింది. ఉన్నవాడు పది కార్బురేటర్లు కొంటాడు, కొలిపిస్తాడు, హద్దుకు ఆనుకుని ఉన్న ఒక్కదాన్నీ ఉంచుకుని తొమ్మిదీ అమ్మేస్తాడు. నిపుణుడి చేత ఇంజను మొత్తం విప్పించి ప్రతి భాగమూ అనుమతించిన చివరి అంచుకు వచ్చేలా ఎంపిక చేయించి మళ్ళీ కూర్పిస్తాడు. దీనికి బ్లూప్రింటింగు అని గౌరవమైన పేరుంది. ఇది పూర్తిగా చట్టబద్ధం. లేనివాడికి ఉన్నది ఒక్క కార్బురేటరు. అది హద్దుకు బాగా లోపల ఉంది. దాన్ని ఆకురాయితో ఆ హద్దుదాకా తెచ్చుకున్నాడనుకోండి. ఇప్పుడు ఇద్దరి కార్బురేటర్లలోనూ గొంతు కొలత ఒకటే, పోయే గాలి ఒకటే, వచ్చే బలం ఒకటే. కాని కార్బురేటరు ముట్టకూడదన్న తరగతిలో అరగదీసిన గీత కనిపిస్తే వాడు మోసగాడు, పదింట్లో ఒకటి ఏరుకున్నవాడు విజేత. కొలబద్దకు కనిపించని తేడాను నియమం సృష్టించింది. చేతితో సాధిస్తే నేరమైనది సంచితో సాధిస్తే నైపుణ్యమయింది.

అమెరికాలో చవక ఆటగా పెట్టిన తరగతుల గతి చూస్తే ఇది ఇంకా తేటపడుతుంది. జపాను హోండా ఇంజనుకు నకలుగా చైనాలో తయారయ్యే చిన్న ఇంజన్లు నీటిపంపులకు వాడేవి చాలా చవకగా దొరుకుతాయి. సామాన్యులు కూడా పోటీ చేయవచ్చునని వాటితో తరగతులు పెట్టారు. ఏమయింది? ఆ చవక ఇంజనును కూర్చిపెట్టే నిపుణుల వృత్తి ఒకటి లేచింది. ఇంజను ధరకు ఎన్నో రెట్లు కూర్పు ధర అయింది. నియమం వస్తువు ధరను అదుపు చేసింది, శ్రమను కొనే శక్తిని అదుపు చెయ్యలేదు. ఇది కార్టుల సమస్యేమీ కాదని పాఠకులకు వేరే చెప్పనక్కరలేదు.

ఇక్కడే మన మిత్రుడు ఎగిరి గంతేస్తాడు. 'చూశారా, నియమమే పక్షపాతి, ఆకురాయి పట్టినవాడు తిరుగుబాటుదారు' అంటాడు. ఈ మాట నేను ఒప్పుకోను. అందుకు కారణం నీతివేత్త చెప్పే కారణం కాదు.

ఆకురాయి పట్టినవాడు ఎవరిని ఓడిస్తాడో చూడండి. పది కార్బురేటర్లవాడిని బహుశా ఓడించలేడు, వాడికి ఇంకా యాభై సౌకర్యాలున్నాయి. వీడు ఓడించేది తనలాగే ఒక్క కార్బురేటరు ఉండి దాన్ని ముట్టకుండా వచ్చినవాడిని. వాడు వీడి మాట నమ్మి వచ్చాడు. పందెంలో చేరటమంటేనే 'నా ఇంజనూ నీ ఇంజనులాంటిదే' అని అందరూ అందరికీ మాట ఇవ్వటం. తిరుగుబాటుదారు నియమాన్ని బాహాటంగా ధిక్కరిస్తాడు, దాన్ని మార్చమంటాడు, పదిమందిని కూడగడతాడు. మోసగాడికి నియమం మారటం బొత్తిగా ఇష్టం ఉండదు. తక్కినవాళ్ళంతా దానికి కట్టుబడి ఉంటేనే వాడికి లాభం. నియమానికి వాడంత అవసరమున్న భక్తుడు ఇంకొకడుండడు. పరీక్ష హాల్లో చీటీలు పెట్టుకున్న కుర్రవాడు 'ఈ పరీక్షలే వర్గ సమాజపు జల్లెడ' అని ఉపన్యసిస్తే ఉపాధ్యాయులు తడబడనక్కరలేదు. పరీక్ష జల్లెడే కావచ్చు. ఆ చీటీ మూలాన జల్లెడలోంచి కింద పడేది జమీందారు కొడుకు కాదు, పక్క బెంచీలో చదువుకుని వచ్చిన కూలివాడి కొడుకు.

ఈ తర్కం ఎంతదూరం పోతుందో 1973లో అమెరికాలో తేలింది. ఒహాయో రాష్ట్రంలో ఆక్రన్ పట్నంలో పిల్లలు తామే చేసుకున్న ఇంజను లేని బండ్లను వాలు మీద జార్చే సోప్ బాక్స్ డెర్బీ పోటీ ఏటేటా జరుగుతుంది. ఆ సంవత్సరం పద్నాలుగేళ్ళ కుర్రవాడు గెలిచాడు. అతని బండి బయలుదేరేటప్పుడే ఒక ఊపు అందుకోవటం చూసి అనుమానించి, బండికి ఎక్సురే తీశారు. ముక్కులో విద్యుదయస్కాంతం ఉంది. వెనక దిండుకు తల ఆనిస్తే అది పనిచేస్తుంది, బండ్లను ఆపి ఉంచే ఉక్కు పలక ముందుకు పడేటప్పుడు బండిని తనతో లాగుతుంది. రెండు రోజుల్లో బహుమతి పోయింది. దీని వెనక ఉన్నది కుర్రవాడి మామ, స్కీయింగు బూట్లు తయారుచేసే సంపన్నుడు. అంతకు ముందు ఏడు గెలిచింది ఆయన సొంత కొడుకే. ఆయన తన తప్పు ఒప్పుకుంటూనే చెప్పిన సమర్థన ఏమిటంటే, తక్కిన బండ్లూ నియమం ప్రకారం చేసినవి కావు, కుర్రవాడికి సమాన అవకాశం కావాలి కదా అని! మైనరును తప్పుదోవ పట్టించాడని కేసయింది, రెండువేల డాలర్లు బాలుర క్లబ్బుకు కట్టటంతో ముగిసింది. సమానత్వం కోసం మోసం అనే వాదం లేనివాడి గుత్తసొత్తు కాదు. ఉన్నవాడి నోటికి అది మరింత తేలిగ్గా వస్తుంది.

కనక మోసం తప్పు, నియమమూ తప్పు. రెండూ ఒప్పుకున్నాక అసలు ప్రశ్న మొదలవుతుంది: అమలు ఎలా జరగాలి, ఎవరు జరపాలి?

కార్టింగు చట్టంలో ఒక విచిత్రమైన సూత్రం ఉంది. స్పష్టంగా అనుమతించనిదంతా నిషిద్ధమే. పైగా తన బండి సక్రమమైనదని రుజువు చేసుకునే భారం పోటీదారుడిదే. పౌర జీవితంలో ఇలాంటి శాసనం వస్తే మనం వీధుల్లోకి రావలసిందే. అక్కడ మాత్రం ఇది అన్యాయమనిపించదు, ఎందుకంటే రహస్యం పోటీదారుడి చేతిలో ఉంది, తనిఖీదారు చేతిలో ఏమీ లేదు. రాజ్యానికీ పౌరుడికీ మధ్య బలం రాజ్యం వైపు ఉంది గనక రుజువు చేసే భారమూ రాజ్యం మీదే ఉండాలి. బలం ఎటు ఉంటే భారం అటు ఉండాలన్న సూత్రం రెండు చోట్లా ఒకటే. పెద్ద కంపెనీల విషయంలో మన ప్రభుత్వాలు దీన్ని తలకిందులు చేస్తాయి. పొగ గొట్టంలోంచి ఏమి వస్తున్నదో కంపెనీకి తెలుసు, మనకు తెలియదు. అయినా రుజువు చేయవలసింది మనమే.

విప్పి చూడటం పాత పద్ధతి. పందెం కాగానే గెలిచినవాళ్ళ ఇంజన్లు షెడ్డులో పెట్టి, పోటీదారుల ఎదుటే విడదీసి కొలుస్తారు. శ్రమ ఎక్కువ, కాలం ఎక్కువ, తగాదాలు ఎక్కువ. కాని ఈ పద్ధతిలో ఒక మంచి ఉంది. పదేళ్ళ పిల్లవాడు కూడా అక్కడ నిలబడి పిస్టను ఏమిటో, కిటికీ ఏమిటో, తనను ఓడించినవాడి ఇంజనులో ఏముందో కళ్ళారా చూస్తాడు. న్యాయం జరగటమే కాక జరుగుతున్నట్టు కనిపిస్తుంది.

దీని స్థానంలో వచ్చింది సీలు. ఆస్ట్రియాలోని రోటాక్స్ కంపెనీ 1997లో 125 సీసీల ఇంజనును సీలు వేసి ప్రవేశపెట్టింది. అమెరికాలో బ్రిగ్స్ అండ్ స్ట్రాటన్ కంపెనీ 206 అనే నాలుగు స్ట్రోకుల ఇంజనుకు కార్ఖానాలోనే సీలు వేసి అమ్ముతుంది, నిమిషానికి 6,100 చుట్లు దాటకుండా లోపలే కట్టడి పెడుతుంది. యజమాని లోపలికి తొంగిచూడరాదు. సీలు తెగితే ఇంజను పందానికి పనికిరాదు. ఖర్చు తగ్గింది, తగాదాలూ చాలావరకు తగ్గాయి. సామాన్య కుటుంబాలు మళ్ళీ ఆటలోకి రాగలుగుతున్నాయి. ఈ మేలును కాదనటం మూర్ఖత్వం. నేను కూడా, పిల్లవాడిని ఆడించవలసి వస్తే, సీలు ఇంజనే కొంటాను.

అయితే ఏమి ఇచ్చి ఈ మేలు కొనుక్కున్నారో కూడా చూడాలి. ఇంగెల్స్ తన చేత్తో తగిలించిన ఇంజను, ఇప్పుడు దాన్ని నడిపేవాడు విప్పటానికి వీలులేని వస్తువయింది. దొంగతనంతోపాటు నేర్చుకోవటం కూడా నిషిద్ధమయింది. తన యంత్రం తనకు పరాయిదవటాన్ని గురించి మార్క్స్ కార్ఖానా పనివాడి విషయంలో చెప్పాడు. ఇక్కడ డబ్బిచ్చి కొనుక్కున్న యజమానికే ఆ గతి పట్టింది! అదీగాక నమ్మకం ఎక్కడికీ పోలేదు, చోటు మారింది. ఇదివరకు పోటీదారుడిని నమ్మాలా అన్నది ప్రశ్న. ఇప్పుడు సీలు వేసేవాడిని నమ్మాలా అన్నది ప్రశ్న. ఇంజను చేసేదీ, అమ్మేదీ, మరమ్మతుకు ఎవరికి అధికారమివ్వాలో నిర్ణయించేదీ, చాలాచోట్ల పందెం నడిపేదీ ఒకే కంపెనీ గొడుగు కింద ఉన్నప్పుడు, రెండు సీలు ఇంజన్లలో ఒకటి ఎందుకు బాగా పోతోందని అడిగే చోటు ఎక్కడుంది?

సీలు మీద మితిమీరిన భక్తి ఉన్నవాళ్ళకు రెండు సంగతులు గుర్తుచేస్తాను. 2015 సెప్టెంబరులో ఫోక్స్‌వాగన్ కంపెనీ వ్యవహారం బయటపడింది. ఆ కార్లలోని యంత్రానికి తనను పరీక్షిస్తున్నారని తెలిసిపోయేది. అప్పుడు పొగను శుద్ధిచేసి, రోడ్డెక్కగానే శుద్ధి తగ్గించేది. ప్రపంచమంతటా కోటీ పది లక్షల కార్లలో ఈ ఏర్పాటు ఉందని కంపెనీయే ఒప్పుకున్నది. దానికి ముద్ర వేసినవి ప్రభుత్వాలే. గుట్టు బయటపెట్టటానికి దారితీసింది మాత్రం వెస్ట్ వర్జీనియా విశ్వవిద్యాలయం వాళ్ళు కొలిచే సాధనాలు కారులోనే పెట్టుకుని రోడ్ల మీద తిరిగి చేసిన పరిశోధన. రెండోది మన సంగతే. 2020 సెప్టెంబరులో సైబరాబాదు పోలీసులు తెలంగాణలోనూ ఆంధ్రలోనూ కొన్ని పెట్రోలు బంకుల పంపుల్లో చిప్పులు అమర్చి కొలత తగ్గిస్తున్న ముఠాను పట్టుకున్నారు. తూనికలు కొలతల శాఖవారి ముద్ర ఉండే పంపులే అవి. ముద్ర ఉన్నదన్న ధైర్యంతో మనం మీటరు అంకె చూసి డబ్బిచ్చాం. ముద్ర చూసేవాడి కళ్ళు మూసింది, తిరగేసినవాడి చేతులు కట్టలేదు.

సీలుకన్నా ఆలోచన రేపే పద్ధతి ఇంకొకటి ఉంది. అమెరికాలో చిన్న ఊళ్ళ పందాలలో వాడుక. పందెం కాగానే ఓడినవాడు ఎవడైనా, ముందే నిర్ణయించిన ధర ఇచ్చి, గెలిచినవాడి ఇంజనును కొనుక్కోవచ్చు. ఇవ్వననటానికి వీలులేదు. ఇవ్వకపోతే గెలుపు పోతుంది. మన ఇళ్ళలో మామిడిపండు ఒకరు కోసి రెండోవారు ముందుగా ముక్క ఎంచుకునే న్యాయమే ఇది. ఇందులో పోలీసు లేడు, సీలు లేదు, అంతరాత్మ ప్రసక్తి కూడా లేదు. ఇంజను మీద ధరకు మించి ఖర్చు పెట్టటమే దండగ అవుతుంది. ఆకురాయినీ బ్లూప్రింటింగునూ ఇది ఒకే దెబ్బతో కొట్టింది. చట్టబద్ధమైన అసమానతనూ చట్టవిరుద్ధమైన అసమానతనూ వేరుచేయకుండా చూసిన నియమం నాకు తెలిసినంతలో ఇదొక్కటే. నీతివేత్తలకు దీని సంగతి తెలియకపోవటం ఆశ్చర్యం కాదు, మంచివాళ్ళను తయారుచేయకుండా మోసాన్ని తగ్గించటం వాళ్ళ ఊహకు అందదు.

మరి ఇంత మంచి నియమం ఎందుకు వ్యాపించలేదు? అడిగి కొనుక్కోవటం మర్యాద కాదన్న అభిప్రాయం పుట్టింది. ఒకరిది ఒకరు అడగకూడదని లోపాయికారీ ఒడంబడికలు పుట్టాయి. డబ్బున్నవాడు, తన మీద గెలిచిన లేనివాడికి ఉన్న ఒక్క ఇంజనునూ కొనేసి, వచ్చేవారం పందానికి రాకుండా చేయనూవచ్చు. నిర్ణయించిన ధర అందరికీ ఒకటే, దాన్ని ఇవ్వగలగటం అందరికీ ఒకటి కాదు. ఆస్తి మీద నిలబడి ఆస్తిని నిగ్రహించే పద్ధతి ఎంతవరకు పోగలదో అంతవరకే పోయి ఆగింది.

ఇహ మిగిలింది లాటరీ. రోటాక్స్ వాళ్ళ అంతిమ ప్రపంచ పోటీలో ఎవరి ఇంజనూ వారు తెచ్చుకోరు. చట్రాలూ ఇంజన్లూ నిర్వాహకులే ఇస్తారు, ఏది ఎవరికి అన్నది చీటీలు వేసి తేలుస్తారు. అంతర్జాతీయ సమాఖ్య 2010లో పిల్లల కోసం మొదలుపెట్టిన అకాడమీ ట్రోఫీలో కూడా ఇంజన్లు చీటీల మీదే వచ్చాయి. ఇంజను నాది కాదు, రేపు ఎవరికి పోతుందో తెలియదు. అలాంటప్పుడు దాన్ని అరగదీసే ఆలోచన ఎవరికి వస్తుంది? తనిఖీదారు ఉన్నాడు గాని అతనికి పని తగ్గింది. ఎవరు బాగా నడుపుతారన్న ప్రశ్నకు జవాబు చెప్పగల పందెం ఏదైనా ఉంటే అది ఇదే. పోటీపడేవాళ్ళ స్వభావం మాత్రం రాత్రికి రాత్రి మారలేదు. నిన్న తమ ఊళ్ళో సీలు పక్కనుంచి దారి వెతికినవాళ్ళూ వాళ్ళలో ఉండవచ్చు.

కాని ఆ చీటీల దాకా రావటానికి ముందు ఏళ్ళ తరబడి సొంత ఇంజన్లతో, సొంత ఖర్చుతో, మోసాల మధ్యనే గెలుస్తూ రావాలి. సమానత్వం శిఖరం మీద ఉంది, మెట్లకు లేదు. ఇదే పద్ధతి అడుగున, ఊరి క్లబ్బులో, ఎనిమిదేళ్ళ పిల్లల దగ్గర ఎందుకు పెట్టరని అడిగితే జవాబు సిద్ధంగా ఉంటుంది: అన్ని ఇంజన్లు ఎవరు కొంటారు, క్లబ్బుకు అంత స్తోమతు లేదని. నిజమే. క్లబ్బు దగ్గర ఇంజన్లు లేవు. సభ్యుల షెడ్లలో మాత్రం, కొందరి దగ్గర రెండూ, కొందరి దగ్గర మూడూ, ఏరగా మిగిలినవి పడి ఉన్నాయి.